టేపుకు రెండు పేర్లు

2011వ సంవత్సరం ఫిబ్రవరి 27, ఆదివారం. గూగుల్ సంస్థవారి జీమెయిల్‌లో ఉత్తరాలు భద్రపరచుకున్న కొందరు ఆనాడు తమ పెట్టె తెరచి చూచేసరికి లోపల ఒక్క జాబైనా లేదు. ఏళ్ళ తరబడి సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, రసీదులు, ఫొటోలు అన్నీ మాయమయ్యాయి. ఇట్టివారు మొత్తం వాడుకరులలో 0.02 శాతం మాత్రమేనని ఆ సంస్థ మరునాడు ప్రకటించింది. లెక్కలో అది స్వల్పమే. పెట్టె ఖాళీ అయినవానికి మాత్రం పోయినది నూటికి నూరు పాళ్ళు.

ఒక్కొక్క జాబుకు అనేక నకళ్ళు తీసి, వేరు వేరు కేంద్రాలలో ఉంచడం ఆ సంస్థ పద్ధతి. ఒక భవనం కాలిపోయినా మరొక భవనంలో ఉత్తరం పదిలంగా ఉంటుందన్న ధీమా దాని వెనుక ఉన్నది. ఆనాటి దోషం కొత్తగా ప్రవేశపెట్టిన సాఫ్ట్‌వేరులో తలెత్తింది. తీగల ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న నకళ్ళన్నీ దానికి అందుబాటులోనే ఉన్నాయి. దోషానికి అందకుండా మిగిలినవి అయస్కాంత టేపులు మాత్రమే. బీరువాలో మౌనంగా పడి ఉన్న టేపును ఏ సాఫ్ట్‌వేరూ తాకలేదు. వాటి నుంచి చదివి తిరిగి నింపడానికి క్షణాలకు బదులు గంటలు పట్టింది. అయినా ఉత్తరాలు తిరిగి వచ్చాయి.

టేపు ఇంకా బ్రతికే ఉన్నదా అని ఆశ్చర్యపోయినవారు ఆ రోజుల్లో చాలామందే. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు చేరిన యునివాక్ కంప్యూటరులో అర అంగుళం వెడల్పు గల కంచు పట్టీపై నికెల్ పూత పూసి సమాచారం వ్రాసేవారు. తరువాత ప్లాస్టిక్ టేపు వచ్చింది. పాత చలనచిత్రాలలో కంప్యూటరు అనగానే గిర్రున తిరుగుతూ కనిపించే పెద్ద చుట్టలు ఆ ప్లాస్టిక్ టేపువే. 2400 అడుగుల అట్టి చుట్టలో, అంగుళానికి 1600 అక్షరాల సాంద్రతతో వ్రాస్తే, రమారమి 40 మెగాబైట్లు పట్టేవి. హైదరాబాదుకు చేరువలో షాద్‌నగర్ వద్ద 1979లో నెలకొన్న ఉపగ్రహ కేంద్రంలో ఆకాశం నుంచి దిగిన భూచిత్రాలను మొదట అందుకున్నదీ టేపులే. శాస్త్రజ్ఞుల చేతికి ఆ చిత్రాలు చుట్టల రూపంలోనే చేరేవి. 2000వ సంవత్సరంలో ఎల్‌టీఓ అనే కొత్త తరగతి టేపు పెట్టెలు 100 గిగాబైట్లతో మొదలై, 2021లో వచ్చిన తొమ్మిదవ తరం నాటికి 18 టెరాబైట్లకు ఎదిగాయి. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో కిలోమీటరు పైచిలుకు టేపు చుట్టి ఉంటుంది. పాత చుట్టలు నాలుగున్నర లక్షలు దానిలో ఒదుగుతాయి. వెడల్పు మాత్రం నేటికీ ఆ అర అంగుళమే.

ఇంతటి నిబ్బరం గల వస్తువు మీద వ్రాయడం, చదవడం నేటికీ చాలాచోట్ల ఆజ్ఞల ద్వారానే జరుగుతుంది. ఆపరేటరు మీటల పలక మీద ఒక పంక్తి టైపు చేస్తాడు, కంప్యూటరు ఆ పంక్తిని అమలు చేస్తుంది. బొమ్మలూ బొత్తాలూ గల తెరలు వచ్చిన తరువాత కూడా ఈ పద్ధతి నిలవడానికి తగిన కారణం ఉన్నది. నకలు తీసే పని సాధారణంగా అర్ధరాత్రి దాటిన పిమ్మట, కార్యాలయం నిద్రించే వేళ జరగాలి. ఆ వేళ బొత్తాం నొక్కే మనిషి ఉండడు. ఆజ్ఞనైతే ముందుగానే వ్రాసి ఉంచి, ఫలానా గంటకు అమలు చేయుమని గడియారానికి అప్పగించవచ్చు. ఇందులోని సౌకర్యం ఇదే. ప్రమాదమూ ఇదే. మనిషి లేనివేళ జరిగిన తప్పుకు సాక్షి ఉండడు.

ఆజ్ఞలలో ప్రసిద్ధమైనది టార్. టేపు, ఆర్కైవు అనే రెండు మాటలను కుదించి కూర్చిన పేరు అది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు 1979లో విడుదల చేసిన యునిక్స్ ఏడవ కూర్పుతో వెలుగులోకి వచ్చి, నేటి లినక్స్ వరకు చెక్కుచెదరక నడుస్తున్నది. దాని వ్యాకరణం అతి క్లుప్తం. టార్ అన్న మాట తరువాత ‘సి’ అక్షరం వ్రాస్తే కొత్త నకలు సృష్టించుమని అర్థం. ‘ఎక్స్’ వ్రాస్తే టేపులో ఉన్నదానిని బయటకు తీయుమని. ‘టి’ వ్రాస్తే లోపలి పట్టికను మాత్రం చదివి చూపుమని. ‘ఎఫ్’ తరువాత టేపు యంత్రం పేరు, దాని వెంట దస్త్రాల పేర్లు.

మీటల పలక మీద సి, ఎక్స్ అక్షరాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దీనిని విధి వైపరీత్యమనాలో ఏమనాలో గాని, ఒకటి టేపును కాపాడేది, మరొకటి టేపును చెరిపేది. జీతాల దస్త్రం పోయిందని గుర్తించిన ఆపరేటరు కంగారులో టేపు పెట్టి, ఎక్స్‌కు బదులు సి వ్రాసి, ఆ దస్త్రం పేరు చేర్చాడనుకుందాం. అట్టి దస్త్రం ఇక్కడ లేదే అని టార్ ఫిర్యాదు చేస్తుంది. నిజమే, లేదు గనుకనే అతడు వెదకుతున్నాడు. ఫిర్యాదు చేస్తూనే అది టేపు మొదట్లో ఒక ఖాళీ నకలు వ్రాసి ముగిస్తుంది. అంతకు ముందు అక్కడ ఉన్న జీతాల దస్త్రం ఆ క్షణాన రెండవసారి, ఈసారి శాశ్వతంగా, పోతుంది. దస్త్రం పేరే చేర్చకుండా సి వ్రాస్తే మాత్రం గ్నూ సంస్థవారి టార్ ఆ పని చేయదు. శూన్యమైన నకలు సృష్టించడానికి పిరికితనంతో నిరాకరిస్తున్నానని తెర మీద ప్రకటించి ఆగిపోతుంది. కంప్యూటర్ల చరిత్రలో ఇంత ఉపకారం చేసిన పిరికితనం అరుదు.

దీనికి విరుగుడు యంత్రశిల్పులు ముందే ఆలోచించారు. పాత చుట్టల వెనుక భాగంలో ఒక ప్లాస్టిక్ కడియం అమర్చితేనే యంత్రం వ్రాసేది; కడియం తీసివేస్తే చదవడమే తప్ప వ్రాయడం అసాధ్యం. పాటల క్యాసెట్టు అంచున ఉండే చిన్న రెక్కను విరిచివేస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేయడం కుదరదని ఇంటింటా తెలిసిన సంగతే. ఎల్‌టీఓ పెట్టెకు సైతం పక్కన జరిపే చిన్న మీట ఉన్నది. టేపు నుంచి ఏదైనా తిరిగి తీయవలసి వచ్చినప్పుడు మొట్టమొదట దానిని జరిపి, ఆ తరువాతనే పెట్టెను యంత్రంలో ఉంచాలి.

అక్షరం తప్పితే కలిగే నష్టం వెంటనే బయటపడుతుంది. బయటపడకుండా నెలల తరబడి సాగే నష్టం వేరొకటి ఉన్నది. దానికి మూలం టేపు యంత్రానికి ఉన్న రెండు పేర్లు.

లినక్స్ కంప్యూటరులో మొదటి టేపు యంత్రాన్ని ఎస్‌టీ0 అనీ పిలువవచ్చు, ఎన్‌ఎస్‌టీ0 అనీ పిలువవచ్చు. యంత్రం ఒక్కటే. అందులోని టేపూ ఒక్కటే. మొదటి పేరుతో పిలిస్తే, పని ముగియగానే యంత్రం టేపును మొదటికంటా వెనక్కు చుట్టివేస్తుంది. రెండవ పేరుతో పిలిస్తే, ఎక్కడ ఆగిందో అక్కడనే ఉంచుతుంది. ముందున్న ‘ఎన్’ వెనక్కు చుట్టవద్దనే నిషేధానికి గుర్తు. ఫ్రీబీఎస్‌డీ అనే మరొక వ్యవస్థలో ఈ జంట పేర్లు ఎస్‌ఏ0, ఎన్‌ఎస్‌ఏ0. అక్కడా ఎన్ అక్షరానిదే భారమంతా.

మధ్యతరహా కార్యాలయం ఒకదానిని ఊహించుకుందాం. రాత్రి రెండు గంటలకు మూడు ఆజ్ఞలు వరుసగా అమలయ్యే ఏర్పాటు ఉన్నది. మొదటిది భూముల దస్త్రాలను, రెండవది జీతాల లెక్కలను, మూడవది ఉత్తర ప్రత్యుత్తరాలను టేపుకు ఎక్కించాలి. ఆజ్ఞలు వ్రాసినవారు మూడింటిలోనూ ఎస్‌టీ0 అనే పేరు వాడారు. భూముల దస్త్రాలు ఎక్కాయి. యంత్రం టేపును వెనక్కు చుట్టింది. జీతాల లెక్కలు మళ్ళీ మొదటి నుంచి, భూముల మీదుగా ఎక్కాయి. యంత్రం మళ్ళీ చుట్టింది. ఉత్తరాలు జీతాల మీదుగా ఎక్కాయి. తెల్లవారేసరికి టేపులో మిగిలినవి ఉత్తరాలు మాత్రమే. ఉత్తరాల కట్ట చిన్నదై, దాని వెనుక భూముల దస్త్రాల శకలాలు అయస్కాంత రూపంలో ఇంకా మిగిలి ఉన్నా ప్రయోజనం లేదు. కొత్త వ్రాత ముగిసిన చోట ‘సమాచారం ఇంతటితో సరి’ అనే గుర్తు పడుతుంది. మామూలు టేపు యంత్రం ఆ గుర్తు దాటి ముందుకు పోదు.

ఇందులో భయంకరమైన సంగతి ఏమంటే మూడు ఆజ్ఞలూ నిజాయితీగానే విజయం పొందాయి. ఏ ఒక్కటీ దోషం చూపలేదు. ఉదయం వచ్చిన నివేదికలో మూడు పనులూ సక్రమంగా ముగిశాయని ఉన్నది, అది అబద్ధం కూడా కాదు. చెప్పినదెల్లా యంత్రం చేసింది. ఈ కార్యాలయం రోజుకొక టేపు చొప్పున మార్చుతూ, పెట్టెల మీద తేదీలు చక్కగా వ్రాసి, ఇనుప బీరువాలో వరుసగా పేర్చుకుంటూ ఏడాది గడపవచ్చు. ఆ బీరువాలో భూముల దస్త్రం ఒక్కటి కూడా ఉండదు.

తాళపత్ర ప్రతులు వ్రాసిన లేఖకులు గ్రంథాంతంలో ఒక మాట చేర్చే ఆచారం ఉండేది. చూచిన ప్రతిలో ఏమున్నదో అదే వ్రాశాను, తప్పొప్పుల దోషం నాది కాదు అని దాని భావం. టార్ ఆజ్ఞది ఆ లేఖకుని ధర్మమే. కాని ఆ రోజుల్లో లేఖకుడు ముగించిన తరువాత పండితుడు ఒకడు మూలాన్ని, నకలును పక్కపక్కన పెట్టుకుని సరిచూచేవాడు. కార్యాలయపు టేపుకు అట్టి పండితుడు ఎవరో ముందుగా నిర్ణయించుకోవాలి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఆజ్ఞలన్నిటిలోనూ ఎన్‌ఎస్‌టీ0 వాడాలి. టేపును నడపడానికి ఎంటీ అనే ప్రత్యేక ఆజ్ఞ ఉన్నది. రాత్రి పనికి ముందు ఎంటీ ద్వారా టేపును ఒక్కసారి మొదటికి చుట్టాలి. తరువాత మూడు నకళ్ళూ ఒకదాని వెనుక ఒకటి వ్రాయబడతాయి. ప్రతి దాని చివర యంత్రం తనంతట తాను ఒక సరిహద్దు గుర్తు వేస్తుంది. మూడవ నకలు కావలసినప్పుడు, మొదటికి చుట్టి, రెండు గుర్తులు దాటుమని ఎంటీకి చెప్పి, అక్కడ టార్‌ను చదవమనాలి. ఎక్కడ ఉన్నామో సందేహం వస్తే, ప్రస్తుతం ఎన్నవ నకలు వద్ద నిలిచి ఉన్నదీ ఎంటీయే చెబుతుంది.

ఇక్కడా పేరు పొరపాటుకు తావున్నది. గుర్తులు దాటుమని చెప్పే ఎంటీ ఆజ్ఞలో ఎస్‌టీ0 అని వ్రాస్తే, యంత్రం బుద్ధిగా రెండు గుర్తులూ దాటుతుంది. ఆజ్ఞ ముగియగానే, తన నియమం ప్రకారం, మొదటికి తిరిగి వచ్చేస్తుంది. ఊరిపొలిమేర దాకా సాగనంపి, వెంటనే ఇంటికి లాక్కువచ్చినట్టు. ఆ తరువాత వచ్చే టార్ తాను మూడవ నకలు వద్ద ఉన్నానని నమ్మి మొదటి నకలు మీద వ్రాస్తుంది.

రాత్రి రాత్రికి మొత్తం సమాచారం ఎక్కించడం పెద్ద సంస్థలకు సాధ్యం కాదు. అందుకు యునిక్స్‌లో డంప్ అనే ఆజ్ఞ ఉన్నది. దానికి 0 నుంచి 9 వరకు అంతస్తులు. 0 అంటే సమస్తం. మరే అంకె చెప్పినా, అంతకంటె తక్కువ అంకెతో చివరిసారి తీసిన నకలు తరువాత మారిన దస్త్రాలు మాత్రమే ఎక్కుతాయి. మామూలుగా 1, 2, 3 అని పోతే సరిపోదా అనిపిస్తుంది. పాత ఆపరేటర్లు మాత్రం 0 తరువాత రోజుకొకటి చొప్పున 3, 2, 5, 4, 7, 6, 9, 8 అని ఎగుడుదిగుడు క్రమం పాటించేవారు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకాస్ 1883లో ప్రచారంలోకి తెచ్చిన హనోయి గోపురం అనే చిక్కుముడి దీనికి ఆధారం. కాశీలోని ఒక ఆలయంలో పూజారులు 64 బంగారు పళ్ళేలను ఒక కంబం నుంచి మరొక కంబానికి మార్చుతున్నారనే కట్టుకథను ఆ చిక్కుముడికి తగిలించారు. క్రమం వింతగా తోచినా లాభం స్పష్టం. మొదటి రోజు మారిన దస్త్రం 3వ అంతస్తు టేపులో ఎక్కి, మరునాడు 2వ అంతస్తు టేపులో మళ్ళీ ఎక్కుతుంది. ఒక టేపు చెడినా రెండవది ఆదుకుంటుంది. పైగా 8వ అంతస్తు రోజున సర్వం పోయినా, 0, 2, 4, 6, 8 అనే అయిదు టేపులతో అంతా తిరిగి నింపవచ్చు. ఈ లెక్కలన్నీ నిలవాలంటే ఆజ్ఞలో ‘యు’ అక్షరం తప్పనిసరి. అది ఉంటేనే ఏ తేదీన ఏ అంతస్తు తీశారో చిట్టాలో నమోదవుతుంది. మరచిపోతే రేపటి ఆజ్ఞకు నేటి సంగతి తెలియదు.

మరొక చిక్కు వేగానిది. టార్ సమాచారాన్ని 512 బైట్ల తునకలుగా కోసి, ఇరవై తునకలు ఒక మూటగా, అంటే 10,240 బైట్ల చొప్పున టేపుకు అందిస్తుంది. 1979లో అది తగిన పరిమాణమే. సెకనుకు 400 మెగాబైట్లు మ్రింగగల నేటి యంత్రానికి అది చిటికెడు. ఆహారం చాలని యంత్రం టేపును ఆపి, కొంత వెనక్కు జరిపి, మళ్ళీ పరుగు అందుకుంటుంది. ఇట్లా ముందుకూ వెనక్కూ ఊగిసలాడటాన్ని ఆపరేటర్లు బూట్లకు మెరుగు పెట్టడమని హాస్యంగా పిలుస్తారు. టేపుకూ యంత్రానికీ అరుగుదల హెచ్చు. మూట పరిమాణం పెంచడం దీనికి మార్గం. కాని ఏ పరిమాణంతో వ్రాశారో ఎక్కడైనా వ్రాసి ఉంచాలి. పెద్ద మూటను చిన్న మూటగా చదవబోతే యంత్రం మొరాయిస్తుంది. టేపు చెడిపోయిందని అపోహపడి పారవేసే ప్రమాదమున్నది.

1998లో అమెరికాలోని పిక్సార్ చిత్రనిర్మాణ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతున్న కాలం. ఎవరో ఒక కంప్యూటరులో దస్త్రాలు తొలగించే ఆజ్ఞ తప్పుచోట అమలు చేశారు. తెర మీద పాత్రల దస్త్రాలను చూస్తున్నవారి కళ్ళెదుట టోపీ పోయింది, బూట్లు పోయాయి, చివరకు పాత్రే పోయింది. పరుగున వెళ్ళి కంప్యూటరు తీగ పీకివేసేసరికి చిత్రంలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ ఉన్నది గదా అని అందరూ స్థిమితపడ్డారు. తీసి చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు, ఎవరూ తిరిగి చదివి చూడనందున ఎవరికీ తెలియదు. సాంకేతిక విభాగానికి చెందిన గాలిన్ సస్మన్ చంటిబిడ్డ కారణంగా ఇంటి నుంచి పని చేసుకుంటూ చిత్రం నకలును ఇంటి కంప్యూటరులో ఉంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనుక సీటులో పెట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. చిత్రం 1999 నవంబరులో విడుదలైంది.

ప్రతి సంస్థకూ ఇంట పని చేసే గాలిన్ సస్మన్ దొరకరు. అందుచేత తిరిగి చదవడం ఆపరేటరు పనిలో భాగం కావాలి. పట్టిక చూపే ‘టి’ అక్షరం మొదటి మెట్టు. గ్నూ టార్‌లో ‘డి’ అనే అక్షరం టేపులోని దస్త్రాన్ని డిస్కులోని మూలంతో పోల్చి భేదాలు చెబుతుంది. ఆనాటి పండితుని పని ఇంచుమించు అదే. అన్నిటికంటె గట్టి పరీక్ష, ఒక దస్త్రాన్ని నిజంగా బయటకు తీసి తెరచి చూడటం. దానిని వేరే సంచయంలోకి తీయాలి. కొన్ని పాత టార్‌లు మూలస్థానం పేరుతో సహా వ్రాసి, తీసేటప్పుడు నేరుగా అక్కడికే పోయి, నడుస్తున్న తాజా దస్త్రాల మీద నిన్నటివి కుమ్మరించేవి. వీలైతే వేరే యంత్రంలో పెట్టి చదవడం ఇంకా మేలు. చదివే ముక్కు కాస్త పక్కకు ఒరిగిన యంత్రం తాను వ్రాసిన టేపును తాను చక్కగా చదువుతుంది. మరొక యంత్రానికి అది అర్థం కాదు. ఆ యంత్రం పాడైన రోజున టేపులన్నీ ఒక్కసారిగా మూగబోతాయి.

యంత్రాల తరాల సంగతి కూడా మరువరాదు. ఎల్‌టీఓ ఏడవ తరం యంత్రం అయిదవ తరం టేపును చదవగలిగేది. ఎనిమిదవ తరం యంత్రం ఏడవ తరం దాకానే చదువుతుంది. 1966, 67 సంవత్సరాలలో అమెరికా లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుని చిత్రాల టేపులు దశాబ్దాల పాటు భద్రంగానే ఉన్నాయి. వాటిని చదవగల యంత్రాలే కరువయ్యాయి. నాన్సీ ఇవాన్స్ అనే నాసా ఉద్యోగిని అట్టి యంత్రాలను కొన్నింటిని పారవేయనీయక తన ఇంట దాచి ఉంచారు. 2008లో కాలిఫోర్నియాలో మూతపడిన ఒక ఫలహారశాల భవనంలో వాటిని మరమ్మతు చేసి, టేపులు చదివారు. 1966 ఆగస్టులో చంద్రుని అంచు మీదుగా తీసిన భూగోళపు చిత్రం అంతకు ముందు ఎన్నడూ లేనంత స్పష్టంగా బయటపడింది.

టేపు పెట్టె మీద అంటించే చీటీ చిన్నది. తేదీ ఒక్కటీ వ్రాసి ఊరుకునే అలవాటు ఉన్నది గాని, అంత చీటీలోనే వ్రాసిన ఆజ్ఞ యథాతథంగా, మూట పరిమాణం, ఎన్నవ నకలులో ఏ దస్త్రాలు, ఏ తరం యంత్రం అన్నవి పడతాయి. అడుగున ఇంకొక గడి కావాలి: తిరిగి చదివి చూచిన తేదీ, చూచినవారి సంతకం. టేపు వ్రాసిన రాత్రి ఆ గడిని ఖాళీగానే వదలాలి.